మడతలో పోయిన ళ

నీలకి ఒక అక్షరం మీద కుళ్ళు. వినేవాళ్ళకి నవ్వొస్తుంది గానీ, ఆ అక్షరం ఆవిడ కాపురంలో మూడో మనిషిలా మసిలేది.

దివాకర్ మొదటి భార్య పేరు నీళ. విషజ్వరం వచ్చి వారం తిరక్కుండా పోయింది. కొన్నాళ్ళు ఆగి అతను రెండో పెళ్ళి చేసుకున్న మనిషి పేరు నీల. పెళ్ళిచూపుల నాడే చుట్టాలు ముక్కు మీద వేలేసుకున్నారు. "పిల్లాడు పేరు కూడా కొత్తగా అలవాటు చేసుకోనక్కర్లేదు, దేవుడే చూసి పంపాడు" అని ఎవరో పెద్దావిడ అంటే అందరూ నవ్వారు. నీల కూడా నవ్వింది. కాపురానికొచ్చిన కొత్తలోనే ఆ నవ్వు ఆరిపోయింది.

విశాఖపట్నంలో వాళ్ళని ఎరిగినవాళ్ళంతా రెండు పేర్లనీ ఒకేలా పలికేవారు. దివాకర్ ఒక్కడే పలకడు. అతని తండ్రి తెలుగు మాస్టారు. చిన్నప్పుడు ళ దగ్గర నాలుక తిరక్కపోతే వేళ్ళ మీద బెత్తం ఆడేది. అందుకని పోయినావిడ పేరు ఎత్తినప్పుడల్లా అతని నాలుక పైకి మడతపడి, అంగిట్లో ఒక్క క్షణం ఆగి, ఇష్టంలేనట్టు కిందికి దిగేది. రెండో భార్య పేరుకి మాత్రం పళ్ళ వెనక అలా తగిలి ఊరుకునేది. నీల అతని మాటలు వినడం మానేసి చాలా కాలమైంది. నాలుకని వినేది.

పోయినావిడ పేరు అతను రోజూ ఎత్తేవాడని కాదు. ఎత్తనక్కర్లేదు. ఆవిడ ఇంట్లోనే ఉండేది.

"చారూ, తల్లీ, లే. బస్సు నీకోసం ఆగదమ్మా."

తెల్లారగానే గోడలోంచి ఆ గొంతు వచ్చేది. చారు దివాకర్ కూతురు, చారుశీల, ఏడో తరగతి. ఆ పిలుపుకి వెంటనే లేచి కూచునేది. అదే నీల వెళ్ళి పిలిస్తే "ఊ" అని అటు తిరిగి పడుకునేది.

ఆ గొంతు తోడుది. ఫోనూ, తలుపూ, ఫ్యానూ, పొయ్యీ అన్నిటినీ కలిపి నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ పేరు తోడు. ఇంట్లో ఎవరు ఏం మాట్లాడతారో, ఏ మాట ఎలా విరుస్తారో ఏళ్ళ తరబడి విని, వాళ్ళు దగ్గర లేనప్పుడు అచ్చం వాళ్ళలాగే మాట్లాడుతుంది. దివాకర్ పోర్టులో డ్రెడ్జింగ్ ఇంజనీరు. అతను సముద్రం మీదున్నప్పుడు అతని గొంతుతోనే "గ్యాస్ కట్టేశారా?" అని అడుగుతుంది. పనిమీద బయటికెళ్ళినవాళ్ళ కోసం చేసిన ఏర్పాటు అది. అయితే పోయినవాళ్ళు ఎప్పటికీ ఇంటికి రారు కదా, అందుకని నీళ గొంతు పొద్దస్తమానం పలుకుతూనే ఉండేది.

"అట్టు తిప్పకమ్మా. చారుకి ఒకవైపు కాలిందే ఇష్టం."

బతికుండగా వంటమనిషికి చెప్పిన మాట. ఇప్పుడు పొయ్యి ముందు అట్లకాడ పట్టుకుని నిలబడింది నీల. మొదటిసారి విన్నప్పుడు ఆ అట్టుని కావాలని తిప్పి, రెండోవైపు నల్లగా మాడ్చింది. చారు దాన్ని కంచంలో ఒక పక్కకి నెట్టేసి లేచి వెళ్ళిపోయింది.

ఒకసారి అడిగింది భర్తని.

"ఏవండీ, ఆ గొంతు తీయించేద్దామా?"

"చారుకి కష్టంగా ఉంటుంది నీలా. దానికి కాస్త వయసు రానీ."

"చారుకేనా?"

దివాకర్ షూలేసు ముడి విప్పి మళ్ళీ కట్టుకున్నాడు.

విచిత్రమేమిటంటే ఆ తోడుని తయారుచేసే పరిశోధనశాలలోనే నీల ఉద్యోగం. మధురవాడ కొండ మీద, సముద్రం కనిపించే మూడో అంతస్తులో, అక్షరాల విభాగం. ఇంగ్లీషు అక్షరాల్లో పెద్దవీ చిన్నవీ ఉంటాయి. ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చడం చిటికెలో పని అనుకుంటారు చాలామంది. అక్కడ పదిమంది ఏళ్ళుగా కూచుని చేస్తున్నది ఆ పనే. తెలుగులో పెద్దా చిన్నా లేవు గదా, మరి తెలుగావిడకి ఇక్కడేం పని అని కొత్తగా చేరినవాళ్ళు అడిగేవారు. విభాగాధిపతి ఫల్గుణరావు గారికి అలాంటి ప్రశ్నలంటే పండగ.

"టర్కీవాళ్ళకి చుక్క ఉన్న ఐ ఒక అక్షరం, చుక్క లేని ఐ ఇంకో అక్షరం" అని బోర్డు మీద రాసేవాడు. "మన యంత్రం ఇంగ్లీషు పద్ధతిలో చిన్నదాన్ని పెద్దది చేసిందనుకో, చుక్క ఎగిరిపోతుంది. చుక్కతోపాటు మాటకున్న అర్థమూ పోతుంది. పెళ్ళి శుభలేఖ కాస్తా తిట్టు ఉత్తరం అయిపోవచ్చు. ఏమ్మా నీలా, మన సంగతి చెప్పు వీళ్ళకి."

"మనవాళ్ళు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు" అని నీల చెప్పేది. "చిన్న ఎన్ కొడితే న, పెద్ద ఎన్ కొడితే ణ. చిన్న ఎల్ కొడితే ల, పెద్ద ఎల్ కొడితే ళ. పెద్దా చిన్నా ఒకటేనని యంత్రం అనుకుందంటే, పడుకుని కనే కలా, పాటకి సంబంధించిన కళా ఒకటే అయిపోతాయి."

ల గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ మాట వరకే చెప్పి ఆగిపోయేది. పేర్లదాకా వెళ్ళేది కాదు.

ఆ ఏడు తోడుకి కొత్త కూర్పు, అంటే కొత్త వెర్షన్, తయారవుతోంది. ఎవరి పేరు ఎవరు ఎలా కొట్టినా మనిషి దొరకాలన్నది అందులో ముఖ్యం. దానికోసం వెతికే ముందు పేర్లన్నిటినీ చిన్న అక్షరాల్లోకి దించేస్తారు. దించాక ఒకేలా కనిపించిన పేర్లని ఒకే మనిషి కింద కలిపేస్తారు. విభాగంలో దాన్ని మడత అనేవారు. తెలుగు పేర్లని మాత్రం మడవకూడదని ఒక వరుస మినహాయింపు రాయాలి. అది రాసింది నీలే. కూర్పుని బయటికి వదిలే ముందు విభాగంలో వాళ్ళందరూ ఎవరింట్లో వాళ్ళు పెట్టుకుని చూడాలన్నారు. నీల కూడా పెట్టుకుంది.

చారు పుట్టినరోజు వచ్చింది. నీల సెలవు పెట్టి పొద్దున్నే లేచి పాలతాలికలు చేసింది. పిండి ఒత్తీ ఒత్తీ అరచెయ్యి ఎర్రబడింది. గిన్నెలో పోసుకుని ముందుగదిలోకి వచ్చేసరికి చారు గోడకి వీపు ఆనించి నేల మీద కూచుంది. గోడ మాట్లాడుతోంది.

"నువ్వు పుట్టిన రోజు ఎంత వానో తెలుసా? మీ నాన్న కారు నీళ్ళలో ఆగిపోతే, చేపల వ్యాన్‌లో వచ్చారు ఆస్పత్రికి. నిన్ను ఎత్తుకోడానికొస్తే నర్సు తరిమేసింది, ముందు స్నానం చేసి రండీ అని..."

ఏటా చెప్పే కథ కాబోలు. తర్వాత ఏమొస్తుందో చారుకి తెలుసు, ముందే నవ్వేస్తోంది. దివాకర్ గుమ్మానికి చెయ్యి ఆనించి కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. కథ అయిపోయింది. అతని పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు గానీ, కాస్త తెరిచిన నోట్లో నాలుక పైకి మడతపడడం నీలకి కనబడింది.

చేతిలో పాయసం మీద మీగడ కట్టింది. ఎవరూ చూడలేదు.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళి, తన ఇంటి తోడులో ఆ ఒక్క మినహాయింపు వరుస తీసేసింది.

తీసేముందు తనకి తను చాలా చెప్పుకుంది. ఎవర్నీ చంపడం లేదు. పోయిన మనిషి పేరు మీదున్న గదికి తాళం వేస్తున్నాను, అంతే. ప్రయోగాల్లో ఎన్నిసార్లు చూసినా మడతలో కొత్త పేరే పైన నిలిచేది, పాతది కిందికి పోయేది. కొత్తది తను. రేపట్నుంచి ఆ ఇంట్లో ఒక్క నీలే ఉంటుంది.

పొద్దున్నే గోడ పలికింది. "చారూ, లే." అది నీల గొంతే. తన గొంతు గోడలోంచి వింటే ఆవిడకి ఒళ్ళు జలదరించింది, వెంటనే సంతోషమూ వేసింది. చారు లేచి కూచుని గోడకేసి చాలాసేపు చూసింది.

"నాన్నా, అమ్మ గొంతు ఏమైంది?"

"కొత్త కూర్పు కదా, ఏదో తేడా వచ్చుంటుంది" అంది నీల వంటింట్లోంచే, దివాకర్ నోరు తెరవకముందే. "ఆఫీసులో చెప్తాలే."

ఆ అబద్ధం గొంతు దిగడానికి రెండు గుక్కల కాఫీ పట్టింది. ఆ వారం మాత్రం ఆవిడ హాయిగా నిద్రపోయింది. అట్లు తిప్పింది. చారు రెండ్రోజులు ఏడ్చింది, మూడోరోజు మానేసింది. పిల్లలు తొందరగా మర్చిపోతారు అనుకుంది నీల.

కానీ మర్చిపోవలసిన అవసరమే రాలేదు పిల్లకి. ఒక సాయంత్రం నీల ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే లోపల్నుంచి తన గొంతే వినిపించింది.

"ఎవరే నిన్నేమన్నది? ఆ తెల్లరిబ్బన్ల పిల్లేనా? నువ్వు ఏడవకు బంగారూ. ఏడిస్తే ముక్కు మిరపకాయవుతుంది మీ నాన్నకి లాగా."

నీల జన్మలో అలా మాట్లాడలేదు. ఎవరినీ బంగారూ అని పిలిచిన మనిషి కాదు. వెళ్ళి తొంగి చూస్తే చారు గోడకి చెంప ఆనించి, ఏడుస్తూ నవ్వుతోంది. అలికిడికి తలెత్తి నీలని చూసింది. ఆ చూపులో మొట్టమొదటిసారి పరాయితనం లేదు. గభాల్న లేచొచ్చి నీల నడుం చుట్టూ చేతులు వేసింది.

పెళ్ళయ్యాక ఇంతకాలం ఎదురుచూసిన కౌగిలి అది. నీల చేతులు మాత్రం పైకి లేవలేదు. ఆ పిల్ల పట్టుకున్నది ఎవర్నో ఆవిడకి తెలుసు.

తర్వాత ఆఫీసులో కూచుని వెతికితే సంగతి బోధపడింది. ప్రయోగాల్లో వాడినవి ఉత్తుత్తి పేర్లు, రెండేసి మాటలున్న మనుషులు. నిజమైన ఇంట్లో లెక్క వేరు. పైన నిలిచిన పేరూ గొంతూ కొత్త మనిషివే. మాటలు మాత్రం ఎవరివి ఎక్కువుంటే అటు మొగ్గాయి. నీళ ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి నవ్వింది, తిట్టింది, పాడింది, ఫోన్లో గంటలు గంటలు ముచ్చట్లాడింది. నీల వచ్చినప్పట్నుంచీ గోడ వింటోందని పెదవి కరిచిపట్టుకునే బతికింది. యంత్రం ముందు ఆవిడ చిటికెడు, నీళ పుట్టెడు. మడతలో పోయినావిడ పోలేదు. ఉన్నావిడ పోయింది, గొంతు మాత్రం మిగిల్చి.

అప్పుడే సరిచెయ్యొచ్చు. చెయ్యలేదు. ఎందుకంటే ఇల్లు మారిపోయింది. దివాకర్ సముద్రం మీద నుంచి ఫోన్ చేస్తే, నీల పనిలో ఉంటే తోడు పలికేది. అతను ఇంటికొచ్చేసరికి మొహం వెలిగిపోతూ ఉండేది. "మధ్యాహ్నం భలే నవ్వించావు" అనేవాడు. గోడ ఏమందో ఆవిడకి తెలీదు. నవ్వి ఊరుకునేది. తన గొంతు మీద తనకే అసూయ పుట్టింది. గోడలో ఉన్న ఆ నీలకి ఏం మాట్లాడాలో తెలుసు. ఇక్కడ కాళ్ళూ చేతులూ ఉన్న నీలకి తెలీదు. గదిలోకి వస్తే ముగ్గురూ నవ్వుకుంటూ ఉండేవారు, దివాకరూ చారూ గోడా. ఆవిడని చూడగానే తోడు ఠక్కున ఆగిపోయేది, మనిషి ఎదురుగా ఉంటే పలకకూడదు గనక. వాళ్ళిద్దరి మొహాల్లో, ఒక్క రెప్పపాటు, అయ్యో వచ్చేసిందే అన్నట్టు ఉండేది.

బొబ్బిలి నుంచి నీల తల్లి ఫోన్ చేసింది ఒక మధ్యాహ్నం. నీల మీటింగులో ఉంది. సాయంత్రం చూసుకుని చేస్తే తల్లి ఎత్తలేదు. మళ్ళీ చేస్తే ఎత్తి, హలో అనకుండా ముక్కు చీదింది.

"ఏటమ్మా, ఏటయింది?"

"ఎవరండీ మీరు అన్నావు నన్ను" అంది తల్లి. "నానేనమ్మా, మీయమ్మని అంటే, మా అమ్మ ఇక్కడే ఉందండీ, రాంగు నంబరేమో అన్నావు. నీ గొంతే. ఆ మర్యాద మాత్తరం నీది కాదు. ఏటే, పెద్దింటి కోడలివైపోతే కన్నతల్లి రాంగు నంబరైపోద్దా?"

నీల ఎంత చెప్పినా ఆవిడకి ఎక్కలేదు. చెప్పగలిగింది మాత్రం ఏముంది? యంత్రం తప్పమ్మా అంది. ఆ యంత్రం చేసేది నువ్వే గదే అంది తల్లి, ఫోన్ పెట్టేసింది.

ఆ ఆదివారం భోజనాలయ్యాక దివాకర్ వక్కపలుకు నోట్లో వేసుకుంటూ, ఎన్నాళ్ళనుంచో చెప్పాలనుకుంటున్న మాట చెప్తున్నట్టు అన్నాడు.

"ఈమధ్య ఇల్లు ఇల్లులా ఉంది. నువ్వు చాలా మారిపోయావు నీళా."

నాలుక పైకి వెళ్ళింది. అంగిట్లో ఆగింది. దిగింది. అతనికి తెలీనే తెలీదు. పలుపుతాడు తెంచుకుని అలవాటైన కొట్టంలోకి పోయిన ఆవులా ఆ పేరు దారి అదే వెతుక్కుంది.

నీల కంచాలు ఎత్తి సింకులో పెట్టి, చీరకొంగుతో చేతులు తుడుచుకుని, ఆదివారమని చూడకుండా ఫల్గుణరావు గారింటికి బయల్దేరింది.

ఆయన తోటలో కరివేపాకు కోస్తున్నాడు. ఆవిడ దాచకుండా అంతా చెప్పింది, అట్టు మాడ్చిన దగ్గర్నుంచి. ఆయన వింటూ రెమ్మ ఆకులన్నీ దూసేశాడు.

"మడత విప్పండి సర్. మీకు తెలిసే ఉంటుంది దారి."

"ఇన్నేళ్ళు ఇదే విభాగంలో ఉండి నన్నడుగుతున్నావా?" ఆయన గొంతు పెంచలేదు గానీ మొహం కందిపోయింది. "పెద్దదాన్ని చిన్నది చెయ్యడం తేలికమ్మా. చేశాక అన్నీ చిన్నవే. వాటిలో ఇదివరకు పెద్దగా ఉన్నదేదో యంత్రానికి ఎవరు చెప్తారు? దానికి గుర్తుండదు. అది మర్చిపోవడానికే మడత."

"గొంతుని బట్టి విడదియ్యలేమా?"

"ఆవిడ మాటలన్నిటినీ నీ గొంతులోకి మార్చేసి, పాతవి తుడిచేసింది. జాగా కలిసొస్తుందని మనమే పెట్టాం ఆ ఏర్పాటు. నువ్వు కూడా సరే అన్నావు." ఖాళీ రెమ్మ పక్కన పారేశాడు. "మీ ఇంటితో బయటపడింది కాబట్టి సరిపోయింది. ఆ వరుసకి ఏదైనా అయ్యి ఇది ఊళ్ళోకి వెళ్ళుంటే? ఏ నీళ మందులో ఏ నీలకో ఇచ్చేవి ఆస్పత్రులు. రేపట్నుంచి నువ్వు ఈ పనిలో ఉండవు. మడతపెట్టేముందు అసలుది పక్కన దాచేలా మొత్తం మళ్ళీ రాయిస్తాను."

"మరి మా ఇంటి సంగతి?"

"ఎవరి మాట ఏదో ఎరిగినవాళ్ళు కూచుని ఒక్కోటీ విని చెప్పాలి. మనుషులే. ఇంకో దారి లేదు."

ఇంటికొచ్చి భర్తనీ చారునీ కూచోబెట్టి చెప్పింది. దివాకర్ తల వంచుకుని విన్నాడు. ఆవిడ చేసినది వినగానే ఒకసారి తలెత్తాడు. మధ్యాహ్నం తను పలికిన పేరు సంగతి రాగానే మళ్ళీ దించుకున్నాడు. ఇద్దరిలో ఎవరు ఎవరిని క్షమించాలో తేలక గది బిగుసుకుపోయింది.

చారుకి అలాంటి సందేహాలేం లేవు.

"అమ్మ గొంతు ఇంక రాదా?"

"రాదు. మీ ఫోన్లలో ఉన్న వీడియోలు తప్ప."

"మీరే చేశారా? కావాలనే?"

"అవును. కావాలనే చేశాను. నాకు మీ అమ్మంటే కుళ్ళు."

పెద్దవాళ్ళు అలాంటి మాట బయటికి అనడం ఆ పిల్ల ఎప్పుడూ విని ఉండదు. దాని మొహం ముందు ఎర్రబడి, తర్వాత తెల్లబడింది. "నేను మిమ్మల్ని కౌగిలించుకున్నాను" అని అరిచింది, దొంగతనం పట్టుకున్నట్టు. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. చాలా రోజులు మాట్లాడలేదు.

అయినా విడదియ్యడం మొదలైంది, చారే మొదలుపెట్టింది. తల్లి మాటలు ఇంకొకరి పేరు కింద ఉండడం దానికి సహించలేదు. సెలవురోజుల్లో పొద్దుటిపూట ముగ్గురూ ముందుగదిలో కూచునేవారు. టీవీ తెర మీద ఇటు నీల మాటలకి చిన్న ఎల్ గడి, అటు నీళ మాటలకి పెద్ద ఎల్ గడి. తోడు ఒక్కో మాటా వినిపించేది, అన్నీ నీల గొంతులోనే. ఎవరిదో చెప్తే చారు దాన్ని ఆ గడిలోకి జరిపేది.

దివాకర్ మొదటి రోజే ఓడిపోయాడు.

"ఇది నీళదే" అనేవాడు ధైర్యంగా.

"కాదు నాన్నా. అమ్మ 'సర్లెండి' అనదు, 'సరేలెండి' అంటుంది. మీకు ఇది కూడా తెలీదా?"

అతనికి తెలీదు. కళ్ళు మూసుకుని విన్నాడే గానీ ఆ విన్నది ఒక గుర్తుని మాత్రమే. బతికున్నప్పుడు ఆవిడ చెప్పినవి సగం పేపరు చాటున పోయాయి. రెండో ఆవిడవి కూడా అంతే. ఏ మాట ఎవరిదో తేల్చలేక, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పరీక్షలో కూచున్న కుర్రాడిలా చూస్తూ ఉండిపోయేవాడు.

చారుకి చాలా తెలుసు గానీ, తన మరీ చిన్నప్పటివి తెలీవు. అక్కడ అడ్డం పడేది. మొదట్లో నోరెత్తకుండా కూచున్న నీల, ఒక రోజు పిల్ల తెర ముందు ఎటూ తేల్చుకోలేక పెదవి కొరుక్కుంటుంటే ఉండబట్టలేక అంది.

"అది ఆవిడదే చారూ. పాలవాడితో మాట్లాడేటప్పుడు చివర 'బాబూ' అని సాగదీస్తుంది, చూడు. నేను సాగదియ్యను. ఇందాకటిది కూడా ఆవిడదే, నువ్వు నాకు వేశావు. అబద్ధం చెప్పేటప్పుడు ముందు 'అసలేం జరిగిందంటే' అంటుంది."

చారు మెల్లిగా తల తిప్పింది. "అమ్మ అబద్ధాలు చెప్పేదా?"

"చిన్నచిన్నవి. మీ బామ్మకి. కూరలో వెల్లుల్లి వెయ్యలేదని."

చారు ఆపుకుందామనుకుంది గానీ ముక్కులోంచి నవ్వు వచ్చేసింది. ఆపైన అడ్డం పడ్డచోటల్లా నీలకేసి చూడడం మొదలుపెట్టింది. నీలకి అన్నీ తెలుసు. నీళకి జలుబు చేస్తే ఏ అక్షరం మూసుకుపోతుందో తెలుసు. కోపం వస్తే మాట తగ్గించి గిన్నెలు గట్టిగా పెడుతుందని తెలుసు. ఎవరికీ వినబడదనుకున్నప్పుడు ఒక పాట తప్పు రాగంలో పాడుకుంటుందని తెలుసు. కాపురానికొచ్చినప్పట్నుంచీ ఈర్ష్యతో, చెవులు రిక్కించి, గోడ వినిపించిన పాత మాటల్లో ఒక్కటి వదలకుండా, వెనకాల చప్పుళ్ళతో సహా విన్నది ఆవిడే. ఆ ఇంట్లో నీళని అంత శ్రద్ధగా విన్న మనిషి ఇంకొకరు లేరు. ఆ సంగతి దివాకర్‌కి కూడా తట్టినట్టుంది. లేచి వెళ్ళి ఇద్దరికీ మజ్జిగ కలిపి తెచ్చి ఇచ్చాడు.

పెద్ద ఎల్ గడి నిండుతూ వచ్చింది. ఆవిడ మాటలు ఆవిడకి చేరుతుంటే చారు మొహం తేటపడుతోంది. చిన్న ఎల్ గడిలో మాత్రం గట్టిగా నాలుగు ముక్కలు లేవు. ఉన్నవైనా నీల తనే చెప్పుకున్నవి. ఆ ఇద్దరిలో ఒక్కరికైనా, ఇది నీలది అని ఒక్క మాట దగ్గరా దానంతట అదే తట్టలేదు. ఆవిడ రోజూ ఎదురుచూసేది. సిగ్గులేదా నీకు, చేసిన పనికి ఇంకా ఎదురుచూపులా అనుకునేది. అయినా మళ్ళీ ఎదురుచూసేది.

ఆ పొద్దుట వాన పడుతోంది. తోడు ఒక మాట వినిపించింది.

"మెల్లిగా... కళ్ళు మూసుకో. నేను తియ్యనా, నువ్వు తీసుకుంటావా? సరే, నేను చూడను. నువ్వే తీసుకో."

గొంతులో అంత మెత్తదనం ఉంది.

"అమ్మది" అంది చారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దివాకర్ కూడా తల ఊపాడు. "నీళదే."

చారు చెయ్యి పెద్ద ఎల్ గడి వైపు కదిలింది. ఊరుకుంటే సరిపోతుంది. పిల్ల సంతోషపడుతుంది. చేసిన పాపానికి కాస్త ఇచ్చుకున్నట్టూ ఉంటుంది. అలా అనుకుంటూనే నోరు తెరిచింది.

"కాదు. అది నాది."

చారు చెయ్యి ఆగింది. "మీరు ఇలా మాట్లాడరు."

"ఒక్కసారి మాట్లాడాను. బీచి నుంచి వచ్చాక నీ పాదంలో గవ్వపెంకు గుచ్చుకుంది. మీ నాన్న షిప్పు మీదున్నారు. నువ్వు నన్ను ముట్టుకోనివ్వలేదు. నా చేతిలో పట్టకారు తీసేసుకున్నావు. నువ్వే తీసుకుంటానన్నావు, నేను అటు తిరిగి కూచున్నాను." నీల తెరకేసి వేలు చూపింది. "మీ అమ్మవన్నీ మీ అమ్మకి ఇచ్చాను చారూ. ఇది ఇవ్వను. ఇది నాది."

చారు కాలు పైకి మడిచి, అరికాలు తనవైపు తిప్పుకుని, మడమ పక్కన వేలితో తడుముకుంది. అక్కడేదో చిన్న మచ్చ దొరికినట్టుంది. దాన్ని రుద్దుకుంటూ తెరకేసి చూసింది.

"మీరు చూడలేదా నిజంగా?"

"చూడలేదు. నువ్వు చూడొద్దన్నావుగా."

"నేను ఏడ్చాను అప్పుడు."

"వినిపించింది."

చారు ఆ మాటని చిన్న ఎల్ గడిలోకి జరిపింది. అందులో ఉన్న కొద్దిపాటి ముక్కలకేసి కళ్ళు చికిలించి చూసింది. తండ్రి ఏదో అనబోతే చేత్తోనే ఆగమంది.

"ఇందులోవి నేను సరిగ్గా వినలేదు" అంది. "మొదట్నుంచీ పెట్టండి."